మగ్గం మీద నేసిన అంతఃపురం

ఒకప్పటి ఐరోపా రాజభవనాలలో అనేకం నేడు ప్రదర్శనశాలలు. వాటి గోడలకు ఈ మూల నుంచి ఆ మూల వరకు వేలాడే చిత్ర వస్త్రాలలో తలపాగాలు, నెలవంకలు, ఒంటెలు, గుమ్మటాలు, మెత్తటి దిండ్ల మీద వాలిన స్త్రీలు తరచుగా కనిపిస్తారు. వాటిని చూసినవారు "ఆ కాలపు ముస్లింల జీవితం ఇలా ఉండేది కాబోలు" అనుకుని ముందుకు సాగుతారు. ఆ బొమ్మలలో ఎవరు ఎవరిని చూశారు, ఏది చూసి గీశారు, ఏది చూడకుండానే గీశారు అన్న ప్రశ్న చాలామందికి తోచదు. ఈ నెల మన పరిశీలన ఆ ప్రశ్న మీదనే.

ముందుగా ఆ వస్త్రం సంగతి కొంత తెలియాలి. దీనిని టేపెస్ట్రీ అంటారు. నేసిన గుడ్డ మీద తరువాత అద్దిన బొమ్మ కాదిది. పడుగు దారాలను పూర్తిగా కప్పివేసేటట్లు రంగురంగుల పేక దారాలను కొద్దికొద్దిగా అల్లుతూ, మగ్గం మీదనే మనిషి ముఖాన్నీ చెట్టు కొమ్మనూ తీర్చే పని. చిత్రకారుడు అసలు కొలతలో నమూనా గీసి ఇస్తాడు. నేతగాడు దానిని అనుసరిస్తాడు. పట్టు, ఉన్ని, కొన్నింటిలో వెండి బంగారు జరీ. ఒక్కొక్క తెరకు నెలలు, ఏళ్ళు పట్టేవి. అందుచేత దానిని కొనగలిగినవారు రాజులూ ప్రభువులూ మాత్రమే. ఆ కాలంలో రాజు తన గోడకు ఏ బొమ్మ వేలాడదీశాడో, అది అతని మనసులోని మాట అని గ్రహించవచ్చు.

1533లో పీటర్ కూకె వాన్ ఆల్స్ట్ అనే చిత్రకారుడు ఇస్తాంబుల్ వెళ్ళాడు. బ్రస్సెల్స్ నగరం అప్పుడు టేపెస్ట్రీ నేతకు పెట్టింది పేరు. అక్కడి వర్తకులు తమ చిత్ర వస్త్రాలను సుల్తాన్ సులైమాన్‌కు అమ్మాలని ఆశించారు. బేరం కుదరలేదు. మనుషుల బొమ్మలు, జంతువుల బొమ్మలు ఉన్న తెరలను తన ధర్మం కారణంగా సుల్తాన్ అంగీకరించలేదని 1604లో కారెల్ వాన్ మాండర్ అనే రచయిత వ్రాశాడు. సులైమాన్ ఆస్థానంలోనే గ్రంథాలకు మనుషుల చిత్రాలు వేసే కళాకారులు ఉండేవారు కాబట్టి, కారణం అదొక్కటేనని మేము అనలేము. అయితే గోడ మీది తెర వేరు, గ్రంథంలోని పుట వేరు. బొమ్మలున్న తెరను హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో వేలాడదీయడం, ప్రయాణం నుంచి తిరిగివచ్చిన దైవప్రవక్త (స) దానిని ఇష్టపడకపోవడం, ఆమె ఆ గుడ్డను కోసి దిండ్లుగా కుట్టడం మన పాఠకులకు తెలిసిన వృత్తాంతమే. ఆ వృత్తాంతం ఎరిగిన సమాజానికి మనుషుల బొమ్మలు నిండిన గోడతెరలు అమ్మబోవడం సాహసమే మరి.

తెరలు అమ్ముడుపోకున్నా చిత్రకారుడు ఖాళీ చేతులతో తిరిగిరాలేదు. అక్కడ తాను చూసినదంతా గీసుకున్నాడు. ఆయన మరణానంతరం, 1553లో, భార్య మేకెన్ వెర్హుల్స్ట్ ఆ చిత్రాలను చెక్క అచ్చులతో ముద్రించి వెలువరించింది. అది నాలుగు మీటర్లకు మించిన పొడవున్న పట్టీ. దారిలో విడిది చేసిన ప్రయాణికులు, నెలవంక దర్శనపు వేడుక, ఖత్నా ఊరేగింపు, జనాజా, నగర మైదానంలో గుర్రంపై సాగుతున్న సుల్తాన్ అందులో ఉన్నారు. అపరిచిత దేశం కనుక పొరపాట్లు ఉండి ఉండవచ్చు. అయినా ఆ బొమ్మలలో మనకు కనిపించేవి ఒక బాటసారి కంటికి అందే విషయాలు: వీధి, ఊరేగింపు, శ్మశానం. తలుపులు మూసి ఉన్న ఇంటి లోపలికి ఆ చిత్రకారుడు పోలేదు, పోయినట్లు నటించనూ లేదు. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాము.

కూకె ప్రయాణం జరిగిన రెండేళ్ళకే, 1535లో, ఐదవ చార్లెస్ చక్రవర్తి ట్యునిస్ నగరంపై దండెత్తాడు. ఖైరుద్దీన్ బార్బరోసా నుంచి ఆ నగరాన్ని పట్టుకోవడం అతని లక్ష్యం. సైన్యంతో పాటు యాన్ వెర్మేయెన్ అనే చిత్రకారుణ్ణి కూడా తీసుకువెళ్ళాడు. యుద్ధాన్ని కళ్ళారా చూసి గీయడం అతని ఉద్యోగం. ఆ చిత్రాల ఆధారంగా బ్రస్సెల్స్‌లో విల్లెం దె పన్నెమాకర్ నేతశాల 12 బ్రహ్మాండమైన తెరలను నేసి 1554లో పూర్తి చేసింది. ఒక్కొక్కటి సుమారు 5 మీటర్ల ఎత్తు. మొదటిది మధ్యధరా సముద్రపు పటం. మిగతావాటిలో ఓడలు, ముట్టడి, దాహం, చివరకు నగర దోపిడీ. ఆ దోపిడీ తెరలో ట్యునిస్ నివాసులను, వారిలో స్త్రీలను, బందీలుగా ఈడ్చుకుపోతున్న దృశ్యం ఉంది. నేసినవారు దానిని దాచలేదు. దాచవలసినదని వారికి తోచలేదు. పై అంచులో స్పానిష్‌లో, కింది అంచులో లాటిన్‌లో జరిగిన సంగతి వ్రాసి ఉంటుంది. మిగిలిన తెరలు నేడు స్పెయిన్ రాజ సంపదలో భాగం.

ఈ తెరలకు వాడిన పట్టు గ్రనడా నుంచి వచ్చింది. 1492 వరకు అది అందలూసియాలో చివరి ముస్లిం రాజ్యం. పట్టుపురుగుల పెంపకం, దారం తీయడం, రంగు వేయడం అక్కడి ముస్లింలు తరతరాలుగా సాధించిన విద్య. రాజ్యం పోయిన తరువాత బలవంతంగా మతం మార్చబడిన వారి సంతతి, మొరిస్కోలు, ఆ పనిలోనే బతుకుతూ వచ్చారు. ఆ ప్రాంతపు పట్టుతోనే ట్యునిస్ ముస్లింల పరాజయాన్ని నేశారు. దీని మీద వ్యాఖ్యానం మాకు అవసరమనిపించడం లేదు.

ఆ నాటి ఐరోపాకు ముస్లిం అంటే భయం. భయం ఉన్నచోట శత్రువును జాగ్రత్తగా చూడటం కూడా ఉంటుంది. 1683లో వియన్నా ముట్టడి విఫలమైంది. 1699లో కార్లోవిట్జ్ సంధితో ఉస్మానియా సామ్రాజ్యం హంగరీలో అధిక భాగాన్ని వదులుకుంది. భయం తగ్గింది. భయం తగ్గితే నిదానంగా కూర్చుని, ప్రశాంతంగా, మునుపటికంటే నిజంగా చూడవచ్చునని మనం అనుకుంటాము. జరిగింది వేరు.

మధ్యలో ఒక మంచి సందర్భం వచ్చింది. 1721లో ఉస్మానియా రాయబారి యిర్మిసెకిజ్ మెహ్మెద్ చలబీ పారిస్‌కు వచ్చి పదకొండేళ్ళ బాలరాజు పదిహేనవ లూయీని దర్శించాడు. ఆయనను చూడటానికి జనం విరగబడ్డారు. తాను భోంచేస్తుంటే చూడాలని కులీన స్త్రీలు గుంపులుగా వచ్చేవారని, రమజాన్‌లో ఇఫ్తార్ వేళ కూడా ఈ తాకిడి తప్పలేదని ఆయన తన యాత్రా వృత్తాంతంలో చెప్పుకున్నాడు. ఆయన గోబెలిన్స్ రాజ నేతశాలకు వెళ్ళి, దారాలతో మనిషి ముఖంలో సంతోషాన్నీ దుఃఖాన్నీ పలికించిన తీరుకు ఆశ్చర్యపోయి మెచ్చుకున్నాడు కూడా. అదే గోబెలిన్స్ నేతశాల 1730లలో, షార్ల్ పరోసెల్ చిత్రం ఆధారంగా, ఈ రాయబారి ఊరేగింపును తెరగా నేసింది. గుర్రాలు, పరివారం, గౌరవంగా సాగుతున్న అతిథి. ఇది కూడా కంటితో చూసిన సంగతే. ఆ తరువాత మాత్రం దారి మళ్ళింది.

1750లలో రాజు ప్రియురాలు మదామ్ ద పాంపదూర్ తన బెల్వ్యూ భవనంలో పడకగదిని "తుర్కీ" పద్ధతిలో అలంకరించుకుంది. దానికోసం కార్ల్ వాన్ లో అనే చిత్రకారుడు సుల్తానాల బొమ్మలు వేశాడు. కాఫీ పుచ్చుకుంటున్న సుల్తానా, ఎంబ్రాయిడరీ చేస్తున్న సుల్తానా. ఆ సుల్తానా పోలికలు పాంపదూర్‌వే. 1775లో పారిస్ కళా ప్రదర్శనలో అతని అన్న కుమారుడు అమెదె వాన్ లో నాలుగు పెద్ద చిత్రాలను ఉంచాడు. గోబెలిన్స్ మగ్గాల కోసమే వేసిన ఆ వరుసకు పేరు "తుర్కీ వేషధారణ". ఒకదానిలో సుల్తానా అలంకరణ చేసుకుంటోంది. ఒకదానిలో నల్ల నపుంసకులూ తెల్ల నపుంసకులూ ఆమెకు సపర్యలు చేస్తున్నారు. ఒకదానిలో దాసీలకు పనులు పురమాయిస్తోంది. నాలుగవదానిలో సుల్తాన్ సమక్షంలో తోట వేడుక. ఆ తరువాతి సంవత్సరాలలో ఇవి మగ్గమెక్కి పట్టులో, ఉన్నిలో గోడతెరలయ్యాయి. 1777లో ఫాంటెన్‌బ్లో భవనంలో రాణి మరీ ఆంత్వానెత్ కోసం ఒక తుర్కీ గది కూడా తయారైంది. అప్పటికి అదొక వేలంవెర్రి.

ఆ తెరలలో ముఖాలన్నీ పారిస్ ముఖాలే. కూర్చున్న భంగిమలు ఫ్రెంచి దర్బారువి. తలకు చుట్టిన గుడ్డ, ఈకలు, నిండుగా ముత్యాలు, కింద తివాచీ: ఇంతమాత్రంతో తుర్కీ సిద్ధం. ఈ చిత్రాలలో మమ్మల్ని బాధించేది తప్పు దుస్తులు కావు. రెండు వందల ఏళ్ళకు పైబడిన కాలంలో చూపు ఏ వైపు తిరిగిందో గమనించండి. బాటసారికి కనిపించే వీధి, జనాజా, నెలవంక వేడుక మాయమయ్యాయి. పరాయి పురుషుడు అడుగుపెట్టడానికి వీలులేని ఆ ఒక్క చోటు, స్త్రీల నివాసం, మొత్తం చిత్రమై కూర్చుంది. చూడగలిగినదంతా వదిలేసి, చూడలేనిదానినే మళ్ళీ మళ్ళీ నేశారు.

ఒక మాట ఈ సంగతిని బాగా చెబుతుంది. తుర్కీ భాషలో "ఓద" అంటే గది. "ఓదలిక్" అంటే గది పనులు చూసుకునే పనిమనిషి. ఆ మాట ఫ్రెంచిలోకి "ఒదలిస్క్"గా వెళ్ళి, ఏ పనీ లేకుండా పరుపు మీద పడుకుని సుల్తాన్ కోసం ఎదురుచూసే స్త్రీ అయింది. పని చేసే ఆమెను పని లేని ఆమెగా మార్చడానికి ఒక్క పదం సముద్రం దాటితే చాలింది.

తెలుసుకునే మార్గం లేక ఇలా చేశారా అంటే, ఉంది. బ్రిటిష్ రాయబారి భార్య లేడీ మేరీ వర్ట్‌లీ మాంటేగు 1717, 1718 సంవత్సరాలలో ఎదిర్నేలో, ఇస్తాంబుల్‌లో నివసించింది. తాను స్త్రీ కనుక కులీన కుటుంబాల జనానాలలో అతిథిగా కూర్చుంది, భోజనం చేసింది, మాట్లాడింది. ఆమె లేఖలు 1763లో అచ్చయ్యాయి; అంటే అమెదె వాన్ లో ప్రదర్శనకు పన్నెండేళ్ళ ముందు. తనకు ముందు వచ్చిన యాత్రికులు ఈ స్త్రీల గురించి వ్రాసినవి చూడనివారి కల్పనలని ఆమె తేల్చి చెప్పింది. ధనికురాలైన తుర్కీ స్త్రీ ధనం ఆమె చేతిలోనే ఉంటుందని, తలాఖ్ అయితే తన సొమ్ముతో పాటు భర్త చెల్లించవలసినది కూడా తీసుకుని వెళుతుందని ఆమె గమనించి వ్రాసింది. మహ్ర్ అనే మాట ఎరిగిన మన పాఠకులకు ఇందులో వింత లేదు. అయితే వివాహంతో స్త్రీ ఆస్తి భర్త అధీనంలోకి పోయే నాటి ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆమెకు ఇది వార్త. ఆ పుస్తకాన్ని ఐరోపా చదివింది, బాగానే చదివింది. చదివి ఏమి తీసుకుంది? తరువాతి కాలంలో ఆంగ్ర్ అనే ప్రసిద్ధ ఫ్రెంచి చిత్రకారుడు ఆ లేఖల నుంచి కొన్ని భాగాలు తన నోటు పుస్తకంలో వ్రాసుకున్నాడు. స్త్రీల స్నానశాల వర్ణన ఉన్న భాగాలవి. వాటి నుంచి పుట్టినదే అతని "తుర్కీ స్నానశాల". ఆస్తి గురించిన పేరాతో బొమ్మ వేయాలని ఎవరికీ తోచలేదు.

సుల్తానుల ఇంటి స్త్రీలు నిజంగా ఏమి చేశారో చెప్పే ఆనవాళ్ళు రాతిలో ఉన్నాయి. సులైమాన్ భార్య ఖుర్రమ్ సుల్తాన్ 1552లో జెరూసలేంలో పేదలకు, యాత్రికులకు అన్నం పెట్టే వంటశాలను వక్ఫ్‌గా నెలకొల్పింది. అది శతాబ్దాల పాటు నడిచింది. సగంలో ఆగిపోయిన ఇస్తాంబుల్ కొత్త మసీదును 1660లలో పూర్తి చేయించినది తుర్హాన్ సుల్తాన్. పూర్వం బానిసగా కొనబడి ఆ అంతఃపురానికి చేరినవారే ఈ ఇద్దరూ. ఆ వ్యవస్థలో బానిసత్వం ఉండేది. దానిని కప్పిపుచ్చే అవసరం మాకు లేదు. ఇక సామాన్య స్త్రీల మాట. 17వ శతాబ్దపు బుర్సా నగర ఖాజీ దఫ్తర్లలో స్త్రీలు ఇళ్ళు కొన్నారు, అమ్మారు, వారసత్వం కోసం వ్యాజ్యం వేశారు. ఆ ఊరి పట్టు వడికే పనిలో వారిది పెద్ద వాటా. పారిస్ గోడల మీద సోమరిగా వాలి ఉన్నది ఏ స్త్రీయో, ఆమెకు అసలు మూలమైన ఆమె చేతిలో పట్టు చక్రం ఉంది.

ఇలా ఎందుకు నేశారు? తుర్కులను అవమానించాలని వాన్ లో కూర్చుని పథకం వేశాడని మేము భావించడం లేదు. ఆ దర్బారు తన సంగతినే ముసుగు వేసుకుని చెప్పుకుంది. రాజు ప్రియురాలు తనను సుల్తానాగా గీయించుకోవడంలో ఉన్న రహస్యం అదే. తమ గదులలోని విలాసాన్ని తమ పేరుతో చూపడం సభ్యత కాదు; మరొకరి పేరుతో చూపితే అలంకారం. నష్టం మాత్రం ఆ మరొకరికి జరిగింది. ముసుగు వేసుకున్నవారు పోయారు, ముసుగు మీది ముఖం మన స్త్రీలదిగా నిలిచిపోయింది. 1978లో ఎడ్వర్డ్ సయీద్ తన "ఓరియంటలిజం" గ్రంథంలో తూర్పు దేశాలను గురించి పడమర అల్లుకున్న ఊహలను విప్పి చూపాడు. ఆయన ప్రధానంగా గ్రంథాలను పరిశీలించాడు. గ్రంథం చదవనివారి కళ్ళలోకి కూడా ఆ ఊహ చేరిన దారులలో ఒకటి వస్త్రం.

ఈ కథలో మన తీరానికి కూడా ఒక పాత్ర ఉంది. మచిలీపట్నంలో 1611 నుంచి ఇంగ్లీషువారి వర్తక స్థావరం ఉండేది. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోని ఆ ప్రాంతపు కలంకారీ పనివారు కరక్కాయ, పటిక, చిరివేరు ఉపయోగించి వేసిన రంగులు ఉతికినా పోవు. ఆ విద్య నాటి ఐరోపాకు తెలియదు. పరుపు మీద పరిచే ఆ పెద్ద దుప్పట్లను మనం పలంగ్‌పోష్ అంటాము. ఇంగ్లీషువారి నోట అది "పాలంపోర్" అయింది. కొమ్మలు విరబూసిన పెద్ద చెట్టు వాటి మధ్య ఉంటుంది. అది అచ్చమైన భారతీయ చిత్రమని ఐరోపా ఇళ్ళలో మురిసిపోయేవారు. ఆ ముచ్చట వెనుక ఉత్తరాలు నడిచాయి. 1643లోనే లండన్‌లోని ఇంగ్లీషు కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమ మనుషులకు, ఎర్రటి నేల ఉన్న దుప్పట్లు ఇక్కడ నచ్చడం లేదు, తెల్లని నేల మీద పువ్వులూ కొమ్మలూ వేయించి పంపండి అని వ్రాశారు. తరువాత నమూనాలే వచ్చాయి. ఇక్కడివారు అక్కడి రుచికి తగినట్లు వేశారు. అక్కడివారు దానిని ఇక్కడి రుచి అనుకున్నారు.

ఆ గిరాకీ ఎంత పెరిగిందంటే తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని 1686లో ఫ్రాన్స్ ఈ అద్దకపు గుడ్డలను నిషేధించింది. నిషేధం 1759 వరకు ఉంది. ఇంగ్లండ్ కూడా 1721లో చట్టం చేసింది. నిషేధం తొలగిన మరుసటి ఏడే, 1760లో, ఒబర్‌కాంఫ్ అనే ఆయన పారిస్ దగ్గర జూయి గ్రామంలో అద్దకపు కర్మాగారం తెరిచాడు. అతని పేరు నేటికీ ప్రసిద్ధం. చిరివేరు రంగు పట్టించడం ప్రపంచానికి నేర్పిన మన తీరపు పనివారిలో ఒక్కరి పేరు కూడా ఆ గుడ్డల మీద లేదు.

19వ శతాబ్దంలో యంత్రపు మగ్గాలు వచ్చాక రాజుల గోడ మీది బొమ్మ సామాన్యుల గోడకు దిగింది. ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీ మిల్లులలో మఖ్మల్ మీద తీసిన ఎడారి దృశ్యాలు చవకగా దొరికేవి. గుర్రం మీద స్త్రీని ఎత్తుకుపోతున్న అరబ్బు, గుడారం ముందు నర్తకి, హుక్కా ముందు ముసలివాడు. విచిత్రమేమంటే వాటిని ముస్లిం దేశాలలో కూడా కొన్నారు. మన ఇళ్ళలో మఖ్మల్ మీద కాబా, మస్జిదె నబవీ పటాలు వేలాడదీసే అలవాటు ఉంది. వాటి పక్కనే, అదే దుకాణంలో కొన్న "అరేబియా రాత్రి" బొమ్మ కూడా కొన్ని ఇళ్ళలో ఉంటుంది. అరబ్బు దుస్తులు ఉన్నాయి కనుక అది మనదే అనిపిస్తుంది. ఇంట్లో ఆడపిల్ల దానిని చూస్తూ పెరుగుతుంది. ఆ గుర్రం మీది స్త్రీ ఎవరని పిల్ల అడిగితే తల్లిదండ్రులు ఏమి చెబుతారో మాకు తెలియదు. అడిగే లోపే దింపివేయడం మంచిదని మా అభిప్రాయం.

ఇస్తాంబుల్ ఈ బొమ్మలకు ఒకసారి జవాబు చెప్పింది. 1873లో వియన్నాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు ఉస్మానియా ప్రభుత్వం "ఎల్బిసె-ఇ ఉస్మానియ్యె", అంటే ఉస్మానియా దుస్తులు, అనే పెద్ద ఛాయాచిత్ర గ్రంథాన్ని పంపింది. పారిస్‌లో చిత్రకళ నేర్చి వచ్చిన ఉస్మాన్ హమ్దీ బేగ్, దె లానే అనే ఫ్రెంచివాడు కలిసి దానిని సిద్ధం చేశారు. ఛాయాచిత్రాలు తీసినది పాస్కల్ సెబా. 74 పలకలలో రాష్ట్రాల వారీగా ముస్లింలు, క్రైస్తవులు, యూదులు, స్త్రీలూ పురుషులూ తమ తమ ప్రాంతపు దుస్తులలో నిలబడి ఉన్నారు. అవి కూడా స్టూడియోలో ఏర్పాటు చేసి తీసినవే, వీధిలో తీసినవి కావు. అయితే ప్రతి వస్త్రానికి దాని పేరు, అది ఏ ఊరి నేత, ఎవరు ధరిస్తారు అన్న వివరణ పక్కన ఉంది. వాన్ లో తన తెరలకు పెట్టిన పేరుకూ ఈ గ్రంథం పేరుకూ అర్థంలో పెద్ద తేడా లేదు. ఆ 74 పలకలలో పరుపు మీద వాలి ఉన్న సుల్తానా లేదు.